పాత కారు బ్రేకు గొట్టములు

వేసవి వచ్చినదనగా నూజివీడు సీమలో రెండు విధములైన సందడి కనవచ్చును. మొదటిది లోకమెరిగినదే. తోటలలో కావలి గుడిసెలు లేచును. గంపలును, పెట్టెలును, వరిగడ్డియు సమకూరును. బంగినపల్లియు, చిన్న రసమును, పెద్ద రసమును వరుసగా కోతకు వచ్చును. రెండవది అంతగా ఎవరును చెప్పుకొననిది. సంవత్సరములో అధిక భాగము కొట్టములో పట్టాల క్రింద నిద్రించిన పాత మోటారు బండ్లు మేలుకొనును. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలములు 2022లో ఏలూరు జిల్లాలో చేరినవి. జిల్లా మారినను తోట బాటలు మారలేదు. ఆ బాటలపై పాత బండ్లకు గల గౌరవమును తగ్గలేదు.

ఆ బండ్లలో అంబాసిడరుది పెద్దపీట. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును మాతృకగా గైకొని, వంగ దేశమున ఉత్తరపారాలో, 1950ల చివరి నుండి 2014 వరకు తయారు చేయబడిన బండి యిది. ఎత్తుగా నుండుటచే గతుకుల బాటకును, వెడల్పుగా నుండుటచే పెద్ద కుటుంబమునకును సరిపోయెను. దానితోపాటు విల్లీస్ నమూనా జీపులును, ఫియట్ 1100 వంశపు కార్లును అచ్చటచ్చట కలవు. వాని యింజనులను గూర్చి యజమానులు గంటల తరబడి ముచ్చటింతురు. రంగును గూర్చియు, సీట్లను గూర్చియు శ్రద్ధ వహింతురు. కాని బండి క్రింద, ఎవరి కంటికిని పడని చోట, చిటికెన వ్రేలిలో సగమైనను లావు లేని కొన్ని గొట్టములున్నవని చాలమందికి తెలియదు. మా కుటుంబమునకును ఒక మధ్యాహ్నము వరకు తెలియలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట, మే నెలలో, మేము తోట నుండి ఇంటికి మరలుచుంటిమి. ముందు సీటులో మా బావగారు, వెనుక ముగ్గురు పిల్లలు, డిక్కీలో ఆరు పెట్టెల చిన్న రసములు. చెరువు కట్ట దిగుచోట బాట వాలుగా నుండి, దిగువ మలుపులో ఒక గొఱ్ఱెల మంద అడ్డముగా వచ్చినది. బ్రేకు తొక్కితిమి. పెడలు ఏ అడ్డును లేక, నీళ్లలో కాలు పెట్టినట్లు, నేల వరకు దిగిపోయెను. రెండవ మారు తొక్కితిమి, ఫలము లేదు. గేరు తగ్గించి, చేతి బ్రేకును బలముగా లాగితిమి. మా బండిలో చేతి బ్రేకు ఉక్కు తీగతో వెనుక చక్రములను పట్టునదగుటచే, నూనెతో దానికి నిమిత్తము లేదు. బండి ఒరుసుకొనుచు పోయి, కట్ట వారనున్న మట్టి గుట్టను తాకి నిలిచినది. పిల్లలకుగాని, గొఱ్ఱెలకుగాని, కాపరికిగాని హాని కలుగలేదు. ఒక పెట్టె పండ్లు మాత్రము నలిగినవి. ఆ దినము మేము చెల్లించిన మూల్యమంతయు అంతియే; అంతకన్న అధికము చెల్లింపవలసి వచ్చి యుండెడిదను తలపు ఇప్పటికిని మమ్ము విడువలేదు.

మరునాడు వచ్చిన మేస్త్రీ వృద్ధుడు, మితభాషి. బండి క్రింద దూరి, వెనుక ఇరుసు మీది గొట్టమును వ్రేలితో తాకెను. క్లిప్పు బిగించిన చోట తుప్పు పొర ఊడి, సూదిమొన యంత బెజ్జము కనబడినది.

“బాబుగారూ, ఈ మధ్య ఆయిలు పోశారా?” అని యడిగెను.

పోసితిమి. తోటకు బయలుదేరుటకు నాలుగు దినముల ముందు మూత తీసి చూచి, మట్టము తగ్గినదని నింపితిమి.

“తగ్గిందని పోశారు, సరే. తగ్గింది ఎక్కడికి పోయిందో చూశారా?”

ఈ ప్రశ్నకు మావద్ద సమాధానము లేదు. పెట్రోలువలె బ్రేకు నూనె ఖర్చగునది కాదు. షూల పట్టీలు అరిగినకొలది మట్టము స్వల్పముగా తగ్గవచ్చునేమోగాని, నాలుగు వేళ్ల మందము తగ్గినదనగా అది ఎచటనో కారుచున్నదనియే అర్థము. ఈ వ్యాసమును చదువు గృహస్థులు తక్కిన విషయములన్నియు మరచినను, ఈ యొక్క మాటను జ్ఞాపకముంచుకొన్న చాలును.

ఇక ఆ గొట్టములు చేయు పని యెట్టిదో చూతము. మూసిన పాత్రలోని ద్రవముపై ఒకచోట ఒత్తిడి కలిగించినచో, ఆ యొత్తిడి తగ్గక అన్ని దిక్కులకును సమానముగా వ్యాపించునని పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి పండితుడు బ్లేజ్ పాస్కల్ నిరూపించెను. ఈ సూత్రమును మోటారు బండి చక్రములకు అన్వయించిన వారిలో ముఖ్యుడు అమెరికా దేశస్థుడైన మాల్కం లాఖీడు. 1921లో వెలువడిన డ్యూసెన్‌బర్గు కారులో నాలుగు చక్రములకును ద్రవపు బ్రేకులు అమరినవి. అంతకు పూర్వము కడ్డీలును తీగెలును లాగి బ్రేకు వేసెడివారు. తీగెలు ఒక వైపు బిగిసి, మరియొక వైపు వదులై, బండి ప్రక్కకు ఈడ్చెడిది. ద్రవమునకట్టి పక్షపాతము లేదు.

లెక్క వేసి చూచినచో దీని బలము తెలియగలదు. మన పాదము పెడలుపై 30 కిలోల బరువు మోపినదనుకొందము. పెడలు ఒక తులాదండము. అది ఆ బలమును సుమారు ఐదింతలు చేయును. మాస్టరు సిలిండరులోని ముషలకముపై 150 కిలోల బలము పడును. ఆ ముషలకము వైశాల్యము 3 చదరపు సెంటీమీటర్లైనచో, నూనెలోని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 50 కిలోలగును. కారు టైరులోని గాలి యొత్తిడి చదరపు సెంటీమీటరుకు 2 కిలోల ప్రాంతమున నుండును. అనగా, గట్టిగా బ్రేకు వేసినపుడు ఆ సన్నని గొట్టము టైరుకన్న ఇరువదియైదింతల ఒత్తిడిని భరించుచున్నదన్నమాట. ఆ గొట్టపు బయటి అడ్డుకొలత 4.76 మిల్లీమీటర్లు, అనగా అంగుళములో పదునారు భాగములకు మూడు భాగములు. దాని గోడ మందము సుమారు 0.7 మిల్లీమీటరు. క్రొత్తదైనపుడు ఈ గోడ ఇంతకు అనేక రెట్లు ఒత్తిడిని తట్టుకొనగలదు. తుప్పు తిని సగము గోడ పోయిన పిదప, మెల్లగా తొక్కునంతవరకు అది నిలుచును. ఆపద వచ్చి గట్టిగా తొక్కినపుడే పగులును. పాత గొట్టము విరుగుటకు సమయమును ఎంచుకొనుచున్నట్లు తోచుటకు కారణమిదియే.

పాత బండ్లలో మరియొక చిక్కు కలదు. 1960ల తరువాత క్రమముగా లోకమంతట రెండు మార్గముల బ్రేకులు వాడుకలోనికి వచ్చినవి. వానిలో ఒక మార్గము పాడైనను, రెండవది రెండు చక్రములనైనను పట్టును. పాత అంబాసిడరు, జీపు మొదలగు వానిలో ఉన్నది ఒకటే మార్గము. నాలుగు చక్రముల గొట్టములును ఒకే చెరువు క్రింది కాలువలవంటివి. ఏ కాలువకు గండి పడినను చెరువంతయు ఖాళీయగును. వెనుక ఇరుసు మీది సూది బెజ్జము ముందు చక్రముల బ్రేకును కూడ హరించుటకు హేతువిదియే.

ఉక్కు గొట్టము రెండు విధముల నశించును. మొదటిది వెలుపలి తుప్పు. తోట బాటల ఎఱ్ఱమట్టియు, రాలిన ఆకుల తడియు గొట్టమునకును క్లిప్పునకును నడుమ చిక్కుకొని, ఎండాకాలమున గూడ ఆరక యుండును. బండి కడిగినపుడు పైభాగము త్వరగా ఆరును; ఆ సందు మాత్రము ఆరదు. కావుననే తుప్పు తరచుగా క్లిప్పుల క్రిందనే ప్రారంభమగును. పైకి గొట్టము నున్నగా కనబడును. క్లిప్పు విప్పి చూచినగాని నిజము తెలియదు.

రెండవది లోపలి తుప్పు. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు, ఇదియు అట్టిదే. సామాన్యముగా వాడు బ్రేకు నూనె నిజమునకు నూనె కాదు; గ్లైకాలు జాతికి చెందిన రసాయన ద్రవము. వానకాలమున ఉప్పు చెమర్చునట్లు, ఈ ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. మూతకు గల గాలి రంధ్రము ద్వారాను, రబ్బరు హోసుల గోడల ద్వారాను తేమ సంవత్సరముల తరబడి చేరుచుండును. అందువలన రెండు హానులు కలుగును. గొట్టము లోపల తుప్పు పుట్టుట యొకటి. నూనె మరుగు ఉష్ణోగ్రత తగ్గుట రెండవది. డబ్బాపై డాట్ 3 అని గుర్తుగల క్రొత్త నూనె 205 డిగ్రీల సెంటీగ్రేడు లోపల మరుగరాదు, 3.7 శాతము నీరు చేరిన పిదప ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. డాట్ 4కు ఈ హద్దులు 230, 155 డిగ్రీలు. నిండు బరువుతో వాలు దిగునపుడు డ్రమ్ములు కాగి, ఆ వేడి సిలిండరులోని నూనెకు సోకును. నూనె మరిగి ఆవిరి పుట్టినచో పెడలు మెత్తబడును. ద్రవము నొక్కిన కదలును గాని కుదించుకొనదు, ఆవిరి కుదించుకొనును. మన పాదపు బలమంతయు ఆవిరిని కుదించుటకే ఖర్చయి, చక్రము వరకు చేరదు.

కావున, “మా బండి తిరుగనే తిరుగదు, దానికేమగును?” అను ధీమా సరియైనది కాదు. తిరుగని బండిలోను నూనె తేమను పీల్చుచునే యుండును. ముషలకములు కదలక ఒకచోటనే తుప్పు పట్టును. పది నెలలు కొట్టములో నుండి ఒక్క మారుగా నిండు బరువుతో తోట బాట పట్టు బండికే అపాయమెక్కువ.

ఉక్కు గొట్టములతోపాటు మూడు రబ్బరు హోసులు కూడ ఉండును. ముందు చక్రములు ప్రక్కలకు తిరుగునవి గనుక వానికి ఒక్కొక్కటి. వెనుక ఇరుసు ఎగిరిపడునది గనుక దానికొకటి. ఇవి ముదిమిచే పైన పగుళ్లు బారును. అంతకన్న విచిత్రమైన వ్యాధి మరియొకటి కలదు. లోపలి పొర పొంగి దారి మూసికొనిపోవును. కాలు బలముచే నూనె లోనికి పోవునుగాని, కాలు తీసిన పిదప వెనుకకు రాదు. అప్పుడు ఆ చక్రము బ్రేకు పట్టియే యుండి, డ్రమ్ము చేయి కాలునంత వేడెక్కును. ఒక చక్రము మాత్రమే తరచుగా వేడెక్కుచున్నచో, షూలను నిందించుటకు ముందు హోసును అనుమానింపవలెను.

మా బండి సంగతికి వత్తము. మా బావగారు లెక్కలు చూచు మనుష్యులు. “ఏడాదికి పదిసార్లు తిరిగే బండి. చిల్లిపడ్డ ముక్క వరకు కోసి అతుకు వేస్తే పోలేదా?” అనిరి. మేస్త్రీ తలయెత్తక, “ఆ పదిసార్లూ ఆగాలి కదండీ!” అనెను. పిమ్మట ఆ గొట్టమును ఊడదీసి మా చేతికిచ్చి, బెజ్జమునకు జానెడు దూరమున వంచుమనెను. ఎండిన మామిడి పుల్లవలె అది పుటుక్కున విరిగినది. బావగారు మరల ఆ ప్రస్తావన తేలేదు.

ఒకే దినమున, ఒకే లోహముతో, ఒకే బండికి అమర్చిన గొట్టములు ఒకే వయస్సు గలవి. ఒకటి చిల్లి పడినదనగా తక్కినవి ఆ దారిలోనే యున్నవని గ్రహింపవలెను. చిల్లికి జిగురు మెత్తుట, సీసము కరిగించి పోయుట, నీటి గొట్టములకు వాడు బిగింపు జోడులతో అతుకుట — ఇవి చదరపు సెంటీమీటరుకు 50 కిలోల ఒత్తిడి ముందు నిలువవు. కావున గొట్టములన్నియు, మూడు హోసులును ఒకే మారు మార్చుట శ్రేయస్కరము. సిలిండరుల రబ్బరు వాషర్లను కూడ అప్పుడే మార్చినచో, నూనె రెండు మారులు పారబోయు పని తప్పును.

క్రొత్త గొట్టమునకు ఏ లోహము తగును? పూత పూసిన బ్రేకు ఉక్కు గొట్టము మొదటిది. ఇది బలమైనది, చౌకైనది. కాలక్రమమున తుప్పు పట్టును. రాగితో నూటికి పదిపాళ్లు నికెలు చేర్చిన మిశ్రలోహపు గొట్టము రెండవది. ఇది తుప్పు పట్టదు, చేతితో సులువుగా వంగును. వెల కొంత యధికము. తేమ కొట్టములలో నిలుచు బండ్లకు ఇది మేలైనది. శీతల యంత్రముల దుకాణమున దొరకు మెత్తని రాగి గొట్టమును కొందరు వాడుదురు. అది బండి అదురునకు క్రమముగా గట్టిపడి పగులును, వాడరాదు. ఇట్టి సామగ్రికి నూజివీడు వారు విజయవాడ ఆటోనగరుకు పోవుట వాడుక. పోవునపుడు పాత గొట్టమును, నట్టులను వెంట తీసికొనిపోయి, మరలును మూతి ఆకారమును సరిచూచుకొని కొనవలెను. చూపునకు ఒకటిగా నున్న రెండు నట్టులలో ఒకటి అంగుళపు మర, మరియొకటి మిల్లీమీటరు మర కావచ్చును. రెండు చుట్లు తిరిగి బిగిసినట్లు తోచును. ఒత్తిడి వచ్చినపుడు ఊడును.

ఇక పని జరుగు విధము. ఇది నేర్చినవాని పని. పుస్తకము చదివి గృహస్థు తానై పూనుకొనదగినది కాదు. అయినను క్రమము తెలిసియున్నచో, దగ్గర నిలిచి చేయించుకొనవచ్చును.

మొదట బండిని సమతలమున నిలిపి, చక్రములకు చెక్క దిమ్మెలు అడ్డుపెట్టవలెను. జాకీ ఎత్తుటకేగాని నిలుపుటకు కాదు. ఎత్తిన బండిని ఇనుప స్టాండులపై దించిన పిదపనే మనిషి క్రిందికి దూరవలెను. ఇటుకలు పేర్చుట ప్రాణాపాయము. పాత డ్రమ్ములలోని దుమ్మును ఊది ఎగురగొట్టరాదు. పాత షూల పట్టీలలో ఆస్బెస్టాసు ఉండవచ్చును. అది ఊపిరితిత్తులకు చేటు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టివేయవలెను.

నట్టులకు ఒకనాటి ముందే తుప్పు వదలించు నూనె పట్టించి యుంచుట మంచిది. మామూలు పానా నట్టు అంచులను గుండ్రన చేయును. ఆరు ముఖములలో ఐదింటిని పట్టు ప్రత్యేకమైన పానా కలదు, దానినే వాడవలెను. గొట్టములు విప్పుటకు ముందు ఏది ఎచట నుండి ఎచటకు పోవుచున్నదో కాగితముపై గీసికొనవలెను. పాత గొట్టమును సాధ్యమైనంతవరకు వంపులు చెడకుండ తీయవలెను; క్రొత్తదానికి అదియే అచ్చు. వంపుల వెంబడి పురికొస పరచి కొలిచినచో పొడవు సరిగా తెలియును.

గొట్టమును చక్రపు కత్తితో కోసి, లోపలి అంచును గీకి, పొట్టును దులుపవలెను. తరువాత నట్టును గొట్టమునకు తొడిగి, అటు పిమ్మటనే మూతిని విప్పారజేయవలెను. చేయి తిరిగిన వారును ఒక్కొక్కపుడు నట్టును మరచి మూతి చేయుదురు. అప్పుడు ఆ మూతిని కోసి మరల చేయుటకన్న వేరు దారి లేదు. మూతి రెండు పొరలుగా నుండవలెను. మొదటి అచ్చు అంచును లోపలికి ముడుచును. రెండవది ఆ మడతను గరాటువలె అణచును. ఒంటి పొర మూతి పగులును. కొన్ని బండ్లకు గరాటు మూతి, కొన్నింటికి ఉబ్బు మూతి ఉండును. ఒకదాని స్థానమున మరియొకటి పనికిరాదు. చేసిన ప్రతి మూతిని వెలుతురులో త్రిప్పి చూడవలెను. వెంట్రుకవాసి పగులైనను, వంకరయైనను కనబడినచో కోసివేసి మరల చేయవలెను. మా మేస్త్రీ ఆ దినమున చేసిన మూతులలో మూడింటిని తానే తిరస్కరించెను. ఆయనపై మాకు నమ్మకము కలుగుటకు అదియే కారణము.

వంపులకు వంపు పనిముట్టునే వాడవలెను. మోకాలిపై వంచినచో గొట్టము నొక్కుకొనిపోవును. పిదప శుభ్రమైన గాలితో లోపలి పొట్టును ఊదివేసి, నట్టులను మొదట వ్రేళ్లతోనే మూడు నాలుగు చుట్లు త్రిప్పి, ఆ పిమ్మట పానా పట్టవలెను. క్లిప్పు ఒక్కటియు విడువరాదు. క్లిప్పు లేని గొట్టము అదిరి అదిరి విరుగును. సైలెన్సరునకును, కదలు భాగములకును దూరముగా నడుపవలెను. హోసులు మెలి పడరాదు. స్టీరింగును ఆ కొస నుండి ఈ కొస వరకు త్రిప్పించి, హోసు టైరుకు తగులుటలేదని కన్నులార చూడవలెను.

తరువాతిది గాలి తీయుట. ముందుగా షూలను డ్రమ్ములకు దగ్గరగా సరిచేయవలెను. క్రొత్త నూనె నింపి, సాధారణముగా మాస్టరు సిలిండరుకు దూరముగా నున్న చక్రముతో, అనగా మన బండ్లలో వెనుక ఎడమ చక్రముతో ప్రారంభింతురు. దీనికి ఇద్దరు కావలెను. క్రిందివాడు “తొక్కండి” అనగా పైవాడు తొక్కి పట్టును. క్రిందివాడు నిపిలు వదులు చేయగా నూనెతోపాటు గాలి బుడగలు సీసాలోనికి వచ్చును. నిపిలు బిగించిన పిదపనే “వదలండి” అనవలెను. బిగింపకముందే కాలు తీసినచో గాలి మరల లోనికి పోవును. బుడగలు ఆగువరకు ఇట్లే చేసి, ఒక్కొక్క చక్రమునే ముగింపవలెను. నడుమ మాస్టరు సిలిండరు ఖాళీ కారాదు. మా యింట ఆ దినమున తొక్కుటయు వదలుటయు పెద్ద పిల్లవాని వంతు. ముందు దినమున వెనుక సీటులో కన్నులు మూసికొన్న బాలుడు, ఆనాడు పాదము క్రింద పెడలు క్రమముగా గట్టిపడుటను తానే తెలిసికొనెను.

సీసాలో పట్టిన నూనెను తిరిగి వాడరాదు. ఇంజను నూనెనుగాని, కిరసనాయిలునుగాని బ్రేకులో పోయరాదు. రబ్బరు భాగములన్నియు ఉబ్బి చెడును. సిలికోను జాతికి చెందిన డాట్ 5ను గ్లైకాలు నూనెతో కలుపరాదు. బ్రేకు నూనె రంగు పూతను తినివేయును గనుక, ఒలికిన వెంటనే నీటితో కడుగవలెను. అది విషము; పిల్లలకు అందని చోట, మూత బిగించి, గుర్తు వ్రాసి యుంచవలెను. మూత తీసి చిరకాలమైన డబ్బాలోని నూనె తేమ పీల్చినదే. దానిని పొదుపునకై దాచుట పొదుపు కాదు.

చివరిది పరీక్ష. పెడలును పూర్తి బలముతో తొక్కి ఒక నిమిషము పట్టియుంచవలెను. అది మెల్లమెల్లగా దిగినచో ఎచటనో కారుచున్నదని తెలియవలెను. ఆ సమయముననే మరియొకరు ప్రతి అతుకును తెల్ల కాగితముతో తుడిచి చూడవలెను. ఆ పిదప పెరటిలోనో, ఖాళీ మైదానమునందో నడక వేగమున ఆపి చూచి, ఆ తరువాతనే రోడ్డు ఎక్కవలెను. మరునాడు, వారము తరువాత, మరల నూనె మట్టమును చూడవలెను. విల్లీస్ జీపులో మాస్టరు సిలిండరు డ్రైవరు పాదముల దిగువ, నేల పలక క్రింద ఉండును. కనబడదు గనుకనే దానిని చూచుట మరచుదురు.

చట్టమును కూడ స్మరింపవలెను. సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును. పిదప ఐదేండ్లకొకమారు బండిని చూపించి పొడిగించుకొనవలెను. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను నాటి నుండి ఏబదియేండ్లు దాటి, మూలరూపము చెడని బండికి పురాతన వాహనముగా వేరు రిజిస్ట్రేషను లభించును. అయితే అట్టి బండిని నిత్యము రోడ్డుపై నడుపుటకు వీలులేదు. కాగితములు ఏ రీతివైనను, వాలులో బండిని ఆపునది కాగితము కాదు.

రెండేండ్లకొకమారు నూనెను పూర్తిగా మార్చుట, ప్రతి సంవత్సరము క్లిప్పులు విప్పి గొట్టములను తడిమి చూచుట, నెలకొకమారైనను బండిని కదలించి బ్రేకు తొక్కుట — ఇంతమాత్రము చేసినచో గొట్టములు చిరకాలము నమ్మకముగా నిలుచును. పెడలు మెత్తబడినను, మునుపటికన్న దిగువకు పోయినను, చక్రము లోపలివైపున తడి కనబడినను, ఆ దినము బండిని కదలింపరాదు.

మా అంబాసిడరు ఇప్పటికిని మామిడి కాపునకు తోటకు పోవుచున్నది. బయలుదేరుటకు ముందు దినమున మా బావగారే మూత తీసి నూనె మట్టము చూతురు. ఒక కొలకఱ్ఱ ముంచి, ఆ గీతను గోడపై తేదీతో వ్రాయుదురు. గోడపై ఆ గీతలు కొన్ని సంవత్సరములుగా ఒకే ఎత్తున నున్నవి. చెరువు కట్ట దిగునపుడు వెనుక సీటులోని పిల్లలు మాటలాడుకొనుచునే యుందురు. వారు ఆ వాలును గమనింపకపోవుటయే మాకు సంతోషము.